తీగ చివరి ఫోను



చరిత్ర మీద ఏదైనా మాట్లాడమని అడిగారు. రాజుల గురించీ యుద్ధాల గురించీ చెప్పగలవాళ్ళు మన మధ్య చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది ఆఫీసుల్లో ఫోన్లూ నెట్‌వర్కులూ పెట్టే పని. అందుకని నేను ఒక తీగ చరిత్ర చెప్తాను. ఆఫీసులో బల్ల మీద ఉండే ఫోనుకీ, ఎక్కడో వెనక గదిలో గోడకి బిగించి ఉండే టెలిఫోను పెట్టెకీ మధ్య నడిచే రాగి తీగ అది. అది ఎంత పొడుగు ఉండవచ్చు? ఎందుకు అంతే? ఆ లెక్క మనుషులు ఎలా నేర్చుకున్నారు? విషయం కాస్త పొడిగా అనిపించవచ్చు. కానీ ఆ లెక్క తప్పితే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను కనక చెప్పాలనిపించింది.

మన ఊళ్ళల్లో లాండ్‌లైను ఫోను ఉన్న రోజులు గుర్తున్నాయా? కరెంటు పోతే ఫాను ఆగేది, టీవీ ఆగేది, అందరూ విసనకర్రలు పట్టుకుని అరుగు మీదకి వచ్చేవాళ్ళు. ఫోను మాత్రం చీకట్లో కూడా మోగేది. చిన్నప్పుడు నాకు అదొక వింత. దానికి గోడలో ప్లగ్గే లేదు, మరి కరెంటు ఎక్కణ్ణించి వస్తోంది? తరవాత తెలిసింది. ఆ ఫోనుకి కావలసిన విద్యుత్తు ఎక్స్ఛేంజిలో ఉన్న బ్యాటరీల నించి, మన మాటలు నడిచే ఆ రెండు తీగల మీదే వస్తుంది. 48 వోల్టులు. ఇక్కడ అమెరికాలోనూ అంతే, అక్కడ మన ఊళ్ళోనూ అంతే. ఆ రెండు తీగలూ మాటనీ మోయాలి, తిండినీ మోయాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు నా తప్పు సంగతి.

2016లో టెక్సస్‌లో ఒక గిడ్డంగికి ఫోన్లు సర్దే పని నాకు వచ్చింది. పాత డిజిటల్ ఫోను సిస్టం, ఇంకా కొన్నేళ్ళు వాడుకుందామని యజమానులు అనుకున్నారు. గేటు దగ్గర కాపలా గదికి కొత్తగా ఒక ఫోను పెట్టాలి. నేను భవనం ప్లాను కాగితం మీద స్కేలు పెట్టి కొలిచాను. 920 అడుగులు. ఫిబ్రవరిలో తీగ లాగించాం, ఫోను పెట్టాం, పని చేసింది. జూన్ నించి గేటు దగ్గరి వాచ్‌మన్ ఫిర్యాదు చేయడం మొదలుపెట్టాడు. అరవై దాటిన మనిషి. "పొద్దున్న మాట్లాడుతుంది, మధ్యాహ్నం మాట్లాడదు" అంటాడు. నేను వెళ్ళిన రెండుసార్లూ పొద్దున్నే వెళ్ళాను, ఫోను బ్రహ్మాండంగా మాట్లాడింది. లోపం ఏమీ లేదని రాసేసి వచ్చాను. మూడోసారి అతను చెప్తుంటే, ఫోనుకి కూడా మధ్యాహ్నం కునుకు అలవాటయినట్టుంది అని నవ్వాను కూడా. అతను నవ్వలేదు.

జులైలో ఒక శనివారం మధ్యాహ్నం గేటు ముందు ఆగిన ట్రక్కులోంచి దిగిన డ్రైవరు ఎండదెబ్బకి కుప్పకూలిపోయాడు. డ్యూటీలో సెల్‌ఫోను దగ్గర పెట్టుకోకూడదని అక్కడ రూలు. వాచ్‌మన్ గదిలోకి పరిగెత్తి స్పీకరు బటను నొక్కాడు. ఫోను తెర మీద అక్షరాలు ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. కాసేపటికి మళ్ళీ మొదటినించి లేచింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ ఆరింది. సరుకు దించే తలుపు తాళం వేసి ఉంది. ఆ పెద్దాయన ఆ ఎండలో భవనమంతా చుట్టి ముందు ఆఫీసు దాకా పరిగెత్తి అక్కణ్ణించి 911కి ఫోను చేయించాడు. డ్రైవరు బతికాడు. సోమవారం పొద్దున్న నాకు ఫోను వచ్చింది.

ఆ ఫోను ఎందుకు ఆరిందో తెలియాలంటే నూట అరవై ఏళ్ళ పైచిలుకు వెనక్కి వెళ్ళాలి. తీగకి ఒక హద్దు ఉందని లోకానికి మొదటిసారి గట్టిగా తెలిసింది అప్పుడే.

1858 ఆగస్టులో అట్లాంటిక్ సముద్రం అడుగున మొదటి టెలిగ్రాఫు కేబులు వేశారు. విక్టోరియా మహారాణి అమెరికా అధ్యక్షుడికి పంపిన 98 మాటల సందేశం చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. ఇవతల మీట నొక్కితే అవతల తేటగా ఒక దెబ్బ వినిపించాలి కదా, అలా కాకుండా నీళ్ళలో కలిపిన సిరాలాగా సంకేతం పలచబడి, సాగిపోయి వచ్చేది. విలియం థామ్సన్ అనే శాస్త్రవేత్త, తరవాత ఆయన్నే లార్డ్ కెల్విన్ అన్నారు, దీని కారణం ముందే చెప్పాడు. పొడుగాటి కేబులు ఒక పెద్ద కెపాసిటర్ లాంటిది, అది నిండాలి, ఖాళీ కావాలి. పొడుగు రెండింతలైతే ఆలస్యం నాలుగింతలు అవుతుంది. కంపెనీ ఎలక్ట్రీషియన్ వైల్డ్‌మన్ వైట్‌హౌస్‌కి ఈ సిద్ధాంతం నచ్చలేదు. సంకేతం బలహీనంగా ఉంటే గట్టిగా తోస్తే సరి అనుకుని దాదాపు 2000 వోల్టులు ప్రయోగించాడు. అప్పటికే అంతంతమాత్రంగా ఉన్న కేబులు మూడు వారాల్లో మూగబోయింది. మళ్ళీ నిలకడగా పనిచేసే కేబులు పడింది 1866లో.

వైట్‌హౌస్‌ని చూసి నవ్వడం తేలిక. నేను గేటు దగ్గర చేసిన పని కూడా అలాంటిదే. లెక్క ఒకటి ఉందని తెలిసీ, నాకు అనువైన ముక్క మాత్రం తీసుకున్నాను.

1876లో బెల్ టెలిఫోను వచ్చింది. మొదట్లో ఒక్క తీగే వేసేవారు, తిరుగు దారి భూమి. ఖర్చు సగం. కానీ భూమిలో తిరిగే ప్రతి చెత్త విద్యుత్తూ చెవిలో పడేది. చిటపటలూ, పక్క టెలిగ్రాఫు లైను టకటకలూ. 1881లో జాన్ కార్టీ అనే కుర్రవాడు బోస్టన్, ప్రావిడెన్స్ ఊళ్ళ మధ్య రెండు తీగల్ని జతగా వాడి చూపించాడు, గోల తగ్గిపోయింది. అదే ఏడాది బెల్ రెండు తీగల్నీ ఒకదాని చుట్టూ ఒకటి మెలివేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. తాడుకి పురి పెట్టినట్టు అన్నమాట. పురి పెడితే బయటి గోల రెండు తీగల మీదా సమానంగా పడుతుంది. ఫోను వినేది ఆ రెంటి మధ్య తేడాని కనక, సమానంగా పడింది వినిపించదు. 1888లో రిచ్‌మండ్‌లో ఫ్రాంక్ స్ప్రేగ్ విద్యుత్ ట్రాములు నడిపాక, ఊరూరా ట్రాములు వచ్చాక, భూమి దారి పెట్టుకున్న ఫోన్లకి నూకలు చెల్లాయి. ఇప్పుడు మీ ఇంట్లో రూటరుకి తగిలించిన నీలం కేబులు కోసి చూస్తే లోపల నాలుగు జతలు కనిపిస్తాయి, నాలుగింటికీ పురి ఉంటుంది. అది 1881 నాటి పురే.

ఆ తరవాత 1890లలో వచ్చింది ఉమ్మడి బ్యాటరీ. అంతకుముందు ఎవరి ఫోనులో వాళ్ళ బ్యాటరీ ఉండేది, హాండిలు తిప్పితే గాని ఎక్స్ఛేంజికి తెలిసేది కాదు. బ్యాటరీలన్నీ ఎక్స్ఛేంజిలోనే పెట్టి, తీగ మీద అందరికీ కరెంటు పంపడం మొదలుపెట్టారు. ఆ కరెంటుకి ధన కొసని భూమికి కలిపి, తీగని రుణంగా ఉంచుతారు. తడి తగిలినప్పుడు రాగి తరిగిపోకుండా ఈ ఏర్పాటు. ఎవరో అనుభవం మీద నేర్చుకున్న తెలివి.

అయితే తీగ మీద తిండి పంపడం మొదలెట్టగానే కొత్త బాధ వచ్చింది. రాగికి నిరోధం ఉంది. మనం స్కూల్లో చదువుకున్న ఓమ్ సూత్రమే. తీగ పొడుగయ్యే కొద్దీ, సన్నబడే కొద్దీ, చివరికి చేరే వోల్టేజి తగ్గుతుంది. కాలువ కింద ఆయకట్టు ఉన్న ఊళ్ళవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. తూము దగ్గరి పొలానికి నీళ్ళే నీళ్ళు, కాలువ చివరి పొలానికి మాత్రం తడి అందదు. చివరి రైతు ఎప్పుడూ మొరపెట్టుకుంటూనే ఉంటాడు, తూము దగ్గరికి వచ్చి చూసిన అధికారికి నీళ్ళు నిండుగానే కనిపిస్తాయి.

ఇక్కడ బెల్ కంపెనీ ఇంజనీర్లు ఒక నియమం పెట్టుకున్నారు. ఎక్స్ఛేంజి నించి ఇంటికి వెళ్ళి తిరిగి వచ్చే మొత్తం తీగ నిరోధం 1300 ఓములు మించకూడదు. దగ్గరి ఇళ్ళకి సన్న తీగ, దూరపు ఇళ్ళకి లావు తీగ. రాగి ఖరీదు కదా, ఊరికే లావు తీగ వేస్తే కంపెనీ మునుగుతుంది. 1300 ఓములంటే చాలా ఉదారమైన హద్దు. మైళ్ళకొద్దీ పోవచ్చు. మామూలు ఫోనుకి కావలసింది ఇరవై మిల్లీఆంపియర్ల చిల్లర కరెంటే కనక అది సాధ్యమయింది.

వోల్టేజి ఒక్కటే కాదు, మాట కూడా దారిలో సన్నగిల్లుతుంది. దీనికి మందు కనిపెట్టింది ఆలివర్ హెవిసైడ్ అనే ఇంగ్లీషాయన. పెద్ద చదువు చదవలేదు, టెలిగ్రాఫు ఆపరేటరుగా పనిచేసి మానేసి, ఇంట్లో కూచుని గణితం చేశాడు. తీగ దారిలో అక్కడక్కడా చుట్టలు పెడితే మాట చెదరకుండా వెళ్తుందని 1887లో రాశాడు. బ్రిటిష్ పోస్టాఫీసు పెద్ద ఇంజనీరు ప్రీస్ ఆ మాటని కొట్టిపారేశాడు. 1900లో కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసరు మైకేల్ పుపిన్ ఆ చుట్టలకి అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు, ఫోను కంపెనీ ఆ హక్కులు కొనుక్కుంది. చుట్టలకి పుపిన్ పేరే నిలిచింది. ఎం.ఎస్. క్లాసులో హెవిసైడ్ సమీకరణాలతో కుస్తీ పట్టినప్పుడు ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకాస్త ఇష్టంగా చదివేవాణ్ణేమో.

విచిత్రం ఏమిటంటే, మాటని కాపాడిన ఆ చుట్టలే తరవాత డిజిటల్ సంకేతాలకి శత్రువులయ్యాయి. మాట ఉండే తక్కువ పౌనఃపున్యాల్ని అవి దాటిస్తాయి, ఆ పైన గోడ కడతాయి. ఇళ్ళకి ఐ.ఎస్.డి.ఎన్., డి.ఎస్.ఎల్. వచ్చినప్పుడు ఆ చుట్టల్ని వెతికి మరీ తీసేయవలసి వచ్చింది.

ఇంత వరకూ వీధి సంగతి. ఇప్పుడు ఆఫీసు లోపలికి వద్దాం.

1960లు, 70లలో ఆఫీసు బల్ల కింద చూస్తే బొటనవేలంత లావు కేబులు ఉండేది. అందులో 25 జతలు. వెలిగే బటన్లు ఉన్న ఫోన్లు పాత సినిమాల్లో చూసే ఉంటారు. ఒక్కో లైనుకి మూడు జతలు కావాలి. మాటకొకటి, ఎవరో లైను పట్టుకున్నారని చెప్పడానికొకటి, బటను కింద చిన్న దీపం వెలగడానికొకటి. అయిదు లైన్లుంటే పదిహేను జతలు. ఏ జత ఏదో తెలియడానికి రంగుల లెక్క ఉంది. తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా ఒక వరస. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద ఇంకో వరస. అయిదు అయిదుల ఇరవై అయిదు. ఈ పనిలో ఉన్న పాతవాళ్ళు దీన్ని మన పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్తారు. నేనూ అలాగే నేర్చుకున్నాను.

1975లో నార్తర్న్ టెలికాం ఎస్.ఎల్.-1 లాంటి డిజిటల్ ఎక్స్ఛేంజిలు ఆఫీసుల్లోకి వచ్చాయి. మాటని సెకనుకి 8000 సార్లు కొలిచి, ఆ కొలతల్ని అంకెలుగా మార్చి పంపడం. మొదట్లో ఈ అంకెలు పెట్టె లోపలే ఉండేవి. 1980లలో ఫోను దాకా వచ్చాయి. దాంతో 25 జతల కేబులు పోయి ఒకే ఒక్క జత మిగిలింది. ఆ ఒక్క జత మీదే రెండు వైపుల మాటా, బటన్ల కబుర్లూ, తెర మీద అక్షరాలూ, పైగా ఫోనుకి కరెంటూ. లావు తీగ సన్నబడింది, మోసే బరువు మాత్రం పెరిగింది. అమ్మేవాళ్ళు మొదటి సగం చెప్పారు. రెండో సగం ఇన్‌స్టలేషన్ పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉండేది.

ఒక్క జత మీద రెండు వైపులా అంకెలు ఎలా పోతాయి? ఒక పద్ధతి పింగ్‌పాంగ్ ఆట లాంటిది. పెట్టె ఒక గుప్పెడు అంకెలు విసురుతుంది, ఆగుతుంది. ఫోను తన గుప్పెడు విసురుతుంది. ఇది ఎంత వేగంగా జరుగుతుందంటే మనకి ఇద్దరూ ఒకేసారి మాట్లాడినట్టుంటుంది. అదే కంపెనీ తరవాత తెచ్చిన మెరిడియన్ ఫోన్లలో తీగ మీద వేగం సెకనుకి 5,12,000 బిట్లు. ఒక్కో బిట్టుకి దొరికే కాలం సెకనులో పది లక్షల వంతుల్లో రెండు. రాగి జతలో సంకేతం కిలోమీటరు పోవడానికి అలాంటి వంతులు అయిదు పడతాయి. అంటే ఫోను మరీ దూరంగా ఉంటే, జవాబు వచ్చేసరికి పెట్టె ఇంకో గుప్పెడు విసరవలసిన వేళవుతుంది. అట్లాంటిక్ కేబులులో కనిపించిన ఆలస్యం ఇక్కడ వేరే కారణంతో, వేరే కొలతలో మళ్ళీ వచ్చింది.

అందుకని ఆ ఫోన్లకి హద్దు పెట్టారు. 24 గేజి తీగ మీద, అంటే అరమిల్లీమీటరు మందం మీద, 3500 అడుగులు. దాంతో పాటు ఇంకో రెండు షరతులు. 256 కిలోహెర్ట్జుల దగ్గర సంకేతం 15.5 డెసిబెల్సు మించి సన్నగిల్లకూడదు. తీగకి మధ్యలో కొమ్మలు ఉండకూడదు. మిగతా కంపెనీల సిస్టంలకి అంకెలు వేరు, షరతుల రకాలు ఇంచుమించు ఇవే.

కొమ్మ అంటే, పాత ఫోన్ల కాలంలో ఒకే జతని ఈ గదికీ ఆ గదికీ కలిపి వదిలేసేవారు. ఫోను తీసేసినా తీగ గోడలోనే ఉండిపోయేది. మామూలు ఫోనుకి దాని వల్ల నష్టం లేదు. డిజిటల్ సంకేతం మాత్రం ఆ ఖాళీ కొమ్మ చివరిదాకా వెళ్ళి, దారి లేక వెనక్కి తిరిగి వచ్చి అసలు సంకేతం మీద పడుతుంది. పైన చెప్పిన పౌనఃపున్యం దగ్గర సుమారు 600 అడుగుల కొమ్మ ఉంటే, వెళ్ళి వచ్చిన అల అసలు అలకి సరిగ్గా ఎదురుగా నిలబడి దాన్ని మింగేస్తుంది. పాత భవనాల్లో నా పనిలో సగం ఇలా గోడల్లో దాక్కున్న కొమ్మల్ని వెతకడమే. ప్లాను కాగితంలో అవి ఉండవు. భవనానికి మాత్రం అవి గుర్తుంటాయి.

గేటు దగ్గర ఫోనుకి మళ్ళీ వద్దాం.

మేము వాడిన చిన్న సిస్టం పుస్తకంలో రెండు హద్దులున్నాయి. పొడుగు 300 మీటర్లు, అంటే దాదాపు 980 అడుగులు. వెళ్ళి తిరిగి వచ్చే నిరోధం 64 ఓములు. నా ప్లాను ప్రకారం 920 అడుగులు. 24 గేజి తీగకి వెయ్యి అడుగులకి రానుపోను దాదాపు 51 ఓములు, అంటే నాకు 47 చాలు. బాగుంది కదా.

కానీ తీగ పక్షిలా ఎగిరి వెళ్ళదు. గోడ ఎక్కాలి, ఇనప దూలాల వెంట మూలలు తిరగాలి, దిగాలి. పనివాళ్ళు లాగినది భవనం లోపలే 980 అడుగులు తేలింది. బయట గేటు దాకా 150 అడుగులు ఎవరో ఎప్పుడో భూమిలో పాతిన కేబులు ఉంటే దాన్నే వాడుకున్నాం. అది 26 గేజి, ఇంకా సన్నం, వెయ్యి అడుగులకి దాదాపు 82 ఓములు. మొత్తం 1130 అడుగులు. ఫిబ్రవరి చలిలో కొస కలిపి మీటరు పెడితే 61 చూపింది. 64 లోపే ఉంది. పొడుగు హద్దు దాటిందని తెలుసు. మీటరు బాగానే ఉందిగా అని ఊరుకున్నాను.

జులై మధ్యాహ్నం రేకుల కప్పు కింద 55 సెల్సియస్ డిగ్రీలు ఉంటుంది. రాగి వేడెక్కితే దాని నిరోధం డిగ్రీకి వందకి 0.39 వంతు చొప్పున పెరుగుతుంది. ఇది కూడా స్కూలు పాఠమే. కప్పు కిందున్న 980 అడుగుల మీద లెక్క కడితే మొత్తం 70 ఓములు దాటకుండా దాటినట్టు. రాత్రీ పొద్దునా తీగ చల్లబడి 64 లోపలికి వస్తుంది, నేను వెళ్ళేదీ అప్పుడే. మధ్యాహ్నం ఫోను ఊరికే కూచున్నంతసేపు సరిపోతుంది. స్పీకరు నొక్కగానే ఫోను ఎక్కువ కరెంటు లాగుతుంది, తీగలో వోల్టేజి అంతకంత పడిపోతుంది, ఫోనులో ఉన్న చిన్న కంప్యూటరు ఆరి మళ్ళీ లేస్తుంది. వాచ్‌మన్ చెప్పినది అక్షరాలా నిజం. పొద్దున్న మాట్లాడుతుంది, మధ్యాహ్నం మాట్లాడదు. అతని దగ్గర మీటరు లేదు గాని కొలత సరిగ్గానే ఉంది.

ఇంకో తప్పు కూడా ఉంది. గేటు గది వేరే కట్టడం. బయట పరిగెత్తే తీగకి పిడుగుల నించి రెండు వైపులా రక్షణ పెట్టాలి. పుస్తకం ఆ డిజిటల్ ఫోన్లని భవనం దాటించవద్దనే చెప్తోంది. అదీ చదివాను, 150 అడుగులేగా అనుకున్నాను.

మందు ఏమిటో తెలుసా? సిస్టంలో దూరపు ఫోన్ల కోసం ఉండే మామూలు అనలాగ్ కార్డు ఒకటి పెట్టాం, రక్షణ పెట్టెలు బిగించాం, గేటు గదిలో తెరా స్పీకరూ లేని సాదా ఫోను పెట్టాం. మన ఊళ్ళో అరుగు పక్కన ఉండేదే, ఆ జాతి. దానికి 70 ఓములు ఒక లెక్కా? కొత్త ఫోను కొనడానికి ఒప్పుకున్న యజమాని పాత ఫోను పెడతానంటే మాత్రం అరగంట ప్రశ్నలు వేశాడు.

ఈ లోపల ఆఫీసు ప్రపంచం కంప్యూటరు తీగల వైపు నడిచింది. 1990లో వచ్చిన 10బేస్-టి ఈథర్‌నెట్టు ఫోను తీగల పద్ధతినే, పురి పెట్టిన జతల్నే వాడుకుంది. 1991లో అమెరికాలో భవనాల తీగలకి ఒక ప్రమాణం రాసినప్పుడు హద్దు 100 మీటర్లు అయింది. గోడలో 90, రెండు కొసల్లో తగిలించే తాళ్ళకి 10. మైళ్ళతో మొదలైన ఫోను చివరికి వంద మీటర్లకి వచ్చింది. 2003లో ఆ కేబులు మీదే కరెంటు పంపే ప్రమాణం కూడా వచ్చింది. వోల్టేజి ఎంతో ఊహించండి. మళ్ళీ ఆ 48 చుట్టుపక్కలే. పెట్టె వైపు కనీసం 44 వోల్టులు, 350 మిల్లీఆంపియర్లు, అంటే 15.4 వాట్లు. వంద మీటర్ల తీగకి 20 ఓములు అనుకుంటే దారిలో 7 వోల్టులు పోతాయి. ఫోనుకి చేరేది 37 వోల్టులు, 12.95 వాట్లు. తేడా రెండున్నర వాట్లకి కాస్త తక్కువ, తీగని వేడిచెయ్యడానికి పోతుంది. గేటు దగ్గర నేను చెయ్యని లెక్క ఇదే. ఇక్కడ ప్రమాణం రాసినవాళ్ళు ముందే చేసి పెట్టారు.

అదే 2003 ఆగస్టు 14న న్యూయార్క్, డెట్రాయిట్ చుట్టుపక్కల అయిదు కోట్ల మందికి కరెంటు పోయింది. అప్పుడు అక్కడున్న మనవాళ్ళు కొందరు ఈ కార్యక్రమం వింటూ ఉండవచ్చు. ఎక్స్ఛేంజి బ్యాటరీల మీద నడిచే సాదా ఫోన్లు మోగాయి. కార్డ్‌లెస్ ఫోన్లు మూగబోయాయి. ఆఫీసుల్లో డిజిటల్ ఫోన్లు వెనక గదిలో బ్యాటరీ ఉన్నంతసేపే. మీ ఆఫీసులోనో, మీరు నడిపే దుకాణంలోనో, మోటెల్లోనో ఆ గది ఎక్కడుందో, అందులో బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో ఒకసారి అడగండి. బ్యాటరీ కొని ఎన్నేళ్ళయిందో కూడా అడగండి. నేను చూసిన వాటిలో చాలా వాటికి ఎవరూ ఎన్నడూ మార్చిన గుర్తే లేదు.

నార్తర్న్ టెలికాం, తరవాతి పేరు నార్టెల్, 2009 జనవరిలో దివాలా తీసింది. కంపెనీ పోయింది గాని దాని ఫోన్లు ఆ తరవాతా ఏళ్ళ తరబడి గోడల మీద పనిచేస్తూనే ఉన్నాయి. వాటికి వేసిన తీగలూ అంతే. నా పెట్టెలో రెండు మూడు పాత పుస్తకాలు అట్టలు ఊడిపోయి ఉన్నాయి. ఏ తీగకి ఎంత హద్దో అందులో ఉంది. ఇప్పుడు హద్దుల పేజీ మొత్తం చదువుతాను.

ఆ గిడ్డంగికి 2021లో కొత్త సిస్టం పెట్టారు, ఫోన్లన్నీ కంప్యూటరు నెట్‌వర్కు మీదే. గేటు వంద మీటర్ల హద్దుకి చాలా అవతల. ఈసారి ప్లాను గీసేటప్పుడు మొదట గేటు గదికి వెళ్ళి, అక్కణ్ణించి చక్రం కొలబద్ద పట్టుకుని వెనక్కి నడిచాను, నిచ్చెన ఎక్కి దూలాల వెంట కూడా కొలిచాను. గేటుకి గాజుతీగ వేశాం. గాజు మాటని మైళ్ళు మోస్తుంది గాని తిండి మొయ్యదు, అందుకని గేటు గదిలోనే కరెంటూ, దానికో బ్యాటరీ పెట్టవలసి వచ్చింది. సాదా ఫోనుని తీసేద్దామా అని అడిగారు. వాచ్‌మన్‌ని అడగండి అన్నాను. పాత పెద్దాయన అప్పటికి మానేశాడు. కొత్త మనిషి ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని డయలు టోను విని, "ఇది ఉండనివ్వండి" అన్నాడు.

అది ఇంకా ఉంది. ప్రతి సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకి, పొద్దున్న కాదు, ఆ ఫోను నించి ఆఫీసుకి ఒక కాల్ చేసి పుస్తకంలో రాస్తారు.